యూనిట్ - 9: డూవాప్ బృందాలు, నావెల్టీ పాటలు - విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 డూవాప్: పుట్టుక, నిర్మాణం
9.3 నావెల్టీ పాట అంటే ఏమిటి?
9.4 అర్థంలేని అక్షరాలు చేసే పని
9.5 కోస్టర్స్ బృందం: రెండు నిమిషాల నాటకం
9.6 నవ్వు ఎవరి మీద?
9.7 పాట ఎవరిది, ఫలం ఎవరిది?
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: మాదిరి సమాధానాలు
9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- డూవాప్ గానం ఏ పరిస్థితులలో పుట్టిందో, అందులో ఒక్కొక్క గొంతు ఏ పని చేస్తుందో వివరించగలరు.
- నావెల్టీ పాటను నిర్వచించి, దాని రకాలను ఉదాహరణలతో చెప్పగలరు.
- ఒక హాస్యగీతాన్ని విమర్శకుని దృష్టితో విశ్లేషించగలరు.
- హాస్యం ఎప్పుడు విమర్శ అవుతుందో, ఎప్పుడు అవహేళన అవుతుందో తేడా గుర్తించగలరు.

9.1 పరిచయం

గత యూనిట్లలో మీరు బ్లూస్, గాస్పెల్ గానాల గురించి చదివారు. ఆ రెండింటిలోనూ దుఃఖం, భక్తి, ఆశ వంటి గంభీరమైన భావాలు ఉండటం వల్ల వాటిని సాహిత్య విమర్శకు తగిన విషయాలుగా అంగీకరించడం మనకు కష్టం కాలేదు. ఈ యూనిట్‌లో చర్చించే పాటల సంగతి వేరు. ఇవి నవ్వించడానికి పుట్టినవి. చాలా పాటలు మూడు నిమిషాలు కూడా ఉండవు. కొన్నింటిలో సగానికి సగం నిఘంటువులో దొరకని శబ్దాలే. అప్పటి పెద్దలు వీటిని కుర్రకారు గోలగా తీసిపారేశారు. తరువాతి కాలపు చరిత్రకారులలో కూడా చాలామంది డూవాప్‌లోని ప్రేమగీతాలను మెచ్చుకొని, హాస్యగీతాలను ఒక పేరాలో ముగించారు.

ఆ ఒక్క పేరా చాలదని ఈ యూనిట్ వాదిస్తుంది. 1950 దశకంలో అమెరికాలోని నల్లజాతి యువకులు బహిరంగంగా చెప్పే వీలులేని కొన్ని మాటలను ఈ హాస్యగీతాలలో చెప్పగలిగారు. నిరుద్యోగం, ఆకలి, పోలీసుల అన్యాయం, పెద్దల అధికారం ఈ పాటల్లో నవ్వుల మధ్య కనిపిస్తాయి. అయితే ఈ పాటలన్నీ మెచ్చదగినవే అని కూడా మనం అనుకోనక్కరలేదు. కొన్ని పాటల్లోని నవ్వు ఇతరులను నొప్పించేది. ఏది ఎటువంటిదో విడదీసి చెప్పడమే విమర్శకుని పని.

ఈ యూనిట్ చదివేటప్పుడు వీలైతే ఇందులో పేర్కొన్న పాటలను వినండి. పాట సాహిత్యాన్ని కాగితం మీద చదివి తీర్పు చెప్పడం ఈ ప్రక్రియకు సరిపోదు. ఎందుకు సరిపోదో 9.4లో తెలుస్తుంది.

9.2 డూవాప్: పుట్టుక, నిర్మాణం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలోనూ, ఆ తరువాతా లక్షలాది నల్లజాతి కుటుంబాలు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి న్యూయార్క్, ఫిలడెల్ఫియా, షికాగో, లాస్ ఏంజెలెస్ వంటి నగరాలకు వలస వచ్చాయి. ఆ కుటుంబాల పిల్లలు ఇరుకు వాడలలో పెరిగారు. చర్చిలో బృందగానం నేర్చుకున్నారు. వాద్యాలు కొనే స్తోమత చాలామందికి లేదు. ఉన్నది గొంతు ఒక్కటే. వీధి మలుపులలో, మెట్ల కింద, పాఠశాల వరండాలలో, భూగర్భ రైలు స్టేషన్లలో నలుగురైదుగురు చేరి పాడుకొనేవారు. గోడలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వని వారి గొంతులకు నిండుదనం ఇచ్చేది.

వీరికి ముందు మార్గం వేసినవారు ఉన్నారు. 1930, 1940 దశకాలలో మిల్స్ బ్రదర్స్, ఇంక్ స్పాట్స్ బృందాలు పేరు పొందాయి. మిల్స్ బ్రదర్స్ తమ గొంతులతోనే వాద్యాలను అనుకరించేవారు. 1948లో ఓరియోల్స్ బృందం పాడిన 'ఇట్స్ టూ సూన్ టు నో'ను చాలామంది కొత్త శైలికి తొలి మెట్టుగా భావిస్తారు. 1954లో కార్డ్స్ బృందం 'షబూమ్'తోనూ, పెంగ్విన్స్ బృందం 'అర్త్ ఏంజెల్'తోనూ ఈ గానాన్ని దేశమంతటికీ వినిపించాయి. 'డూవాప్' అనే పేరు మాత్రం ఆ పాటలు పుట్టిన కాలంలో లేదు. 1960 దశకం ఆరంభంలో వాడుకలోకి వచ్చి, వెనకటి పాటలన్నింటికీ స్థిరపడింది.

బృందాల పేర్లను గమనించండి. కొన్ని పక్షుల పేర్లు: రావెన్స్, క్రోస్, పెంగ్విన్స్, ఫ్లెమింగోస్. కొన్ని కార్ల పేర్లు: కాడిలాక్స్, ఇంపాలాస్, ఎడ్సెల్స్. ఎగరడం, వేగంగా వెళ్ళడం ఆ ఇరుకు వాడల పిల్లల కోరికలని ఈ పేర్లను బట్టి ఊహించవచ్చు.

డూవాప్ బృందంలో సాధారణంగా నాలుగు లేక ఐదు గొంతులు ఉంటాయి.

1. ప్రధాన గాయకుడు: కథ చెప్పేది, భావం పలికించేది ఇతడే. తరచు టెనర్ గొంతు.
2. వంత గాయకులు: టెనర్, బారిటోన్ గొంతులతో ప్రధాన గాయకుని వెనుక స్వరాల తెర పరుస్తారు.
3. బేస్ గాయకుడు: అట్టడుగు స్థాయిలో లయను నిలబెడతాడు. బేస్ వాద్యం చేయవలసిన పని తన గొంతుతో చేస్తాడు.
4. ఫాల్సెటో: అందరికన్నా పైన సన్నని కీచుగొంతుతో తేలే స్వరం. ఇది అన్ని పాటలలోనూ ఉండదు.

మన బుర్రకథలో కథకుని పక్కన వంతలు ఉంటారని మీకు తెలుసు. వారిలో హాస్యం చెప్పే వంత మధ్యలో అడ్డుతగిలి కథను కాసేపు పక్కకు తిప్పుతాడు. ఈ రెండు ప్రక్రియల మధ్య చారిత్రక సంబంధం ఏమీ లేదు. కానీ హాస్యపు డూవాప్ పాటలో బేస్ గాయకుడు చేసే పని ఏమిటో అర్థం చేసుకోవడానికి ఈ పోలిక మీకు ఉపయోగపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
డూవాప్ బృందాలలో వాద్యాలకు బదులు గొంతులకే ప్రాధాన్యం ఎందుకు కలిగింది?

9.3 నావెల్టీ పాట అంటే ఏమిటి?

'నావెల్టీ' అనేది రికార్డుల వ్యాపారంలో వాడిన మాట. ఏదో ఒక వింతతో, చమత్కారంతో శ్రోత చెవిని చటుక్కున పట్టుకొనే పాటను నావెల్టీ పాట అంటారు. వింత గొంతు, వింత పాత్ర, వింత శబ్దం, సమకాలీన సినిమా లేక టెలివిజన్ మీద పరిహాసం, వీటిలో ఏదైనా కావచ్చు. ఆ మాటలోనే ఒక చిన్నచూపు కూడా ఉంది. కొత్తదనం వాడిపోగానే పాట కూడా పోతుందని దాని భావం.

నావెల్టీ పాటలు డూవాప్ బృందాలకే పరిమితం కాదు. 1958 సంవత్సరాన్నే తీసుకుందాం. డేవిడ్ సెవిల్ టేపు వేగాన్ని మార్చి సృష్టించిన కీచుగొంతుతో చేసిన 'విచ్ డాక్టర్', షెబ్ వూలీ పాడిన 'పర్పుల్ పీపుల్ ఈటర్' ఆ సంవత్సరం అమెరికాలో మొదటి స్థానానికి చేరాయి. సిలూయెట్స్ బృందం 'గెట్ ఎ జాబ్', కోస్టర్స్ బృందం 'యాకెటీ యాక్' కూడా అదే సంవత్సరం మొదటి స్థానం పొందాయి. నాలుగూ నవ్వించే పాటలే. మొదటి రెండింటిలో వింత శబ్దమే పాటకు ప్రాణం. తరువాతి రెండింటిలో వింత శబ్దం వెనుక ఒక ఇల్లు, ఆ ఇంట్లో గొడవ, డబ్బు లేని మనిషి ఉన్నారు. మన చర్చ ఈ రెండో రకం గురించి.

డూవాప్ నావెల్టీ పాటలను మనం మూడు రకాలుగా విభజించుకోవచ్చు.

అ) శబ్ద ప్రధానమైనవి: అర్థంలేని అక్షరాలే పాటను నడిపిస్తాయి. ఎడ్సెల్స్ పాడిన 'రామా లామా డింగ్ డాంగ్', రివింగ్టన్స్ 1962లో పాడిన 'పాపా ఊమ్ మౌ మౌ' ఇందుకు ఉదాహరణలు.

ఆ) కథా ప్రధానమైనవి: పాత్రలు, సంభాషణ, మలుపు ఉన్న చిన్న నాటికలు. కోస్టర్స్ పాటలలో చాలావరకు ఈ కోవలోనివి.

ఇ) పరిహాస అనుకరణలు: సినిమాలు, టెలివిజన్ ధారావాహికలు, పాత పాటలను ఎగతాళి చేసేవి. ఒలింపిక్స్ బృందం 1958లో పాడిన 'వెస్టర్న్ మూవీస్' ఇటువంటిది. టెలివిజన్‌లో తుపాకుల మోత వదలని ప్రియురాలి గురించి ప్రియుని మొర ఇందులో వినిపిస్తుంది.

ఈ విభజన చదువు సౌలభ్యం కోసమే. మంచి పాటలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు.

9.4 అర్థంలేని అక్షరాలు చేసే పని

డూవాప్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి 'డూ', 'వా', 'షా', 'బామ్' వంటి అక్షరాలు. ఇవి ఏ భాషలోని మాటలూ కావు. వీటిని 'అర్థరహిత పదాలు' అని కొట్టివేసేవారికి మన జవాబు ఏమిటి? నిఘంటువులో అర్థం లేకపోవడం వేరు, పాటలో పని లేకపోవడం వేరు. ఈ అక్షరాలు పాటలో కనీసం మూడు పనులు చేస్తాయి.

మొదటిది, వాద్యం చేయవలసిన పని. బేస్ గాయకుడు పెదవులు మూసి తెరిచే 'బ' వంటి హల్లులతో తాళాన్ని గుర్తుచేస్తాడు. వంత గాయకులు 'ఊ', 'ఆ' వంటి దీర్ఘాచ్చులతో ఊదే వాద్యాలను గుర్తుచేస్తారు.

రెండవది, భావాన్ని మార్చే పని. దీనికి చక్కని ఉదాహరణ 'బ్లూ మూన్'. రిచర్డ్ రాడ్జర్స్, లారెంజ్ హార్ట్‌ల ఈ పాట 1934 నాటిది. ఒంటరి మనిషి చంద్రునితో చెప్పుకొనే నెమ్మదైన పాట అది. 1961లో పిట్స్‌బర్గ్‌కు చెందిన మార్సెల్స్ బృందం దీన్ని తిరిగి పాడింది. ఆ బృందంలో అప్పుడు నల్లవారూ తెల్లవారూ కలిసి ఉన్నారు. బేస్ గాయకుడు ఫ్రెడ్ జాన్సన్ అసలు పాట మొదలుకాక ముందే అర్థంలేని అక్షరాల వర్షం కురిపిస్తాడు. సాహిత్యం మారలేదు. కానీ ఒంటరితనం గురించిన పాటను ఇప్పుడు ఒక గుంపు పాడుతున్నది, అదీ గంతులు వేస్తూ. ఒంటరివాని చుట్టూ స్నేహితులు చేరి అతని దిగులును ఆటపట్టిస్తున్నట్లు ఉంటుంది. ఈ పాట అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానం పొందింది. కాగితం మీది మాటలు చదివితే ఈ మార్పు ఏమాత్రం తెలియదు. వినాలి.

మూడవది, చెప్పలేనిదాన్ని దాటవేసే పని. 1956లో చిప్స్ అనే బృందం 'రబ్బర్ బిస్కెట్' అనే రికార్డు చేసింది. దాదాపు పాటంతా ఎవరికీ అర్థంకాని అక్షరాల పరుగు. మధ్య మధ్య ఆగి గాయకుడు మామూలు గొంతుతో తిండి గురించి ఒక జోకు వేస్తాడు. ఆ జోకులలోని తిండి ఎటువంటిది? రొట్టె ఉంటుంది, లోపల పెట్టవలసింది ఉండదు, ఉంటే బాగుండునని అనుకోవడమే మిగులుతుంది. అందరూ నవ్వుతారు. నవ్వు ఆగిన తరువాత ఆలోచించండి. ఇవి ఆకలి తెలిసిన కుర్రవాళ్ళు వేసుకొనే జోకులు. అర్థంలేని అక్షరాలు మళ్ళీ మొదలై, ఆ జోకు మీద ఎవరూ జాలిపడే వ్యవధి లేకుండా పాటను లాక్కుపోతాయి. జాలిని రానివ్వకపోవడమే ఈ పాట ఆత్మాభిమానం.

'గెట్ ఎ జాబ్' కూడా ఈ కోణంలో చూడదగినది. ఫిలడెల్ఫియాకు చెందిన సిలూయెట్స్ ఈ పాటను స్వయంగా రాసుకున్నారు. బృంద సభ్యుడు రిచర్డ్ లూయిస్ సైన్యం నుంచి తిరిగివచ్చి ఖాళీగా ఉన్నప్పుడు తల్లి ఉద్యోగం చూసుకోమని చెప్పిన మాటే దీనికి మూలమని చెప్పాడు. పాట దేశాన్ని ఊపిన సమయం కూడా గమనించదగినది. 1957 ఆగస్టులో మొదలైన ఆర్థిక మాంద్యం 1958 ఏప్రిల్ వరకు సాగింది. పాటలోని మనిషి పత్రికలో ప్రకటనలన్నీ చదువుతాడు. పని దొరకదు. ఇంటికి వస్తే అసలు వెతకడమే లేదని, అబద్ధాలాడుతున్నాడని నింద. ఇంతటి బరువైన విషయాన్ని వంత గాయకులు అతి హుషారైన అక్షరాలతో చుట్టేశారు. తరువాత ఒక బృందం ఆ అక్షరాల నుంచే 'షా నా నా' అనే పేరు పెట్టుకుంది. ఆ హుషారు నిరుద్యోగి బాధను కప్పివేసిందా? అలా అనుకోవడం తొందరపాటు. ప్రధాన గాయకుని గోడు ఒక పక్క, దాన్ని పట్టించుకోకుండా యంత్రంలా తిరిగే వంత ఒక పక్క. మనిషి ఎంత చెప్పుకున్నా ఆగని లోకం ఆ వంతలో వినిపిస్తుంది. ఇది ఒక వ్యాఖ్యానం మాత్రమే. పాట విని మీరు దీనితో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. విభేదిస్తే కారణాన్ని పాటలోనుంచే చూపండి.

ఈ అక్షరాల మీద ఆ కాలమే ఒక జోకు వేసుకుంది. 1961లో బ్యారీ మాన్ 'హూ పుట్ ద బాంప్' అనే పాటలో తన ప్రేమ ఫలించడానికి కారణమైన ఆ అక్షరాలను పాటల్లో పెట్టిన మహానుభావుడెవరో చెబితే కృతజ్ఞతలు చెప్పుకుంటానంటాడు. పరిహాసమే అయినా అందులో నిజముంది. ప్రేమలేఖలోని మాటలకన్నా ఆ శబ్దాలే బాగా పనిచేశాయన్నమాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మార్సెల్స్ పాడిన 'బ్లూ మూన్'లో అర్థంలేని అక్షరాలు పాట భావాన్ని ఎలా మార్చాయి?

9.5 కోస్టర్స్ బృందం: రెండు నిమిషాల నాటకం

కథా ప్రధానమైన నావెల్టీ పాటను శిఖరానికి చేర్చినవారు కోస్టర్స్. వీరి పాటలు రాసి, రికార్డింగును నడిపించినవారు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్. ఇద్దరూ 1933లో యూదు కుటుంబాలలో పుట్టారు. బాల్టిమోర్‌లో లీబర్ తల్లి నడిపిన కిరాణా దుకాణం నుంచి నల్లవారి ఇళ్ళకు సరుకులు చేరవేస్తూ అతడు పెరిగాడు. స్టోలర్ చిన్నప్పుడే పియానో విద్వాంసుడు జేమ్స్ పి. జాన్సన్ వద్ద కొన్ని పాఠాలు నేర్చుకున్నాడు. 1950లో లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరూ కలిశారు.

వీరు మొదట రాబిన్స్ అనే బృందానికి రాశారు. 1954 నాటి 'రయట్ ఇన్ సెల్ బ్లాక్ నంబర్ 9' జైలు తిరుగుబాటు కథ. అదే సంవత్సరపు 'ఫ్రేమ్డ్' చేయని నేరానికి పోలీసులకు చిక్కిన మనిషి కథ. రెండింటిలోనూ హాస్యం ఉంది. రెండూ నల్లవారికి బాగా తెలిసిన భయం గురించినవి. 1955లో అట్లాంటిక్ సంస్థ లీబర్, స్టోలర్‌లను తీసుకున్నప్పుడు రాబిన్స్ బృందం చీలిపోయింది. కార్ల్ గార్డ్‌నర్, బాబీ నన్ బయటికి వచ్చి కోస్టర్స్ బృందాన్ని ఏర్పరచారు. పడమటి తీరం నుంచి వచ్చినవారు కాబట్టి ఆ పేరు. తరువాత బృందం న్యూయార్క్ చేరింది. 1958 నాటికి గార్డ్‌నర్, బిల్లీ గై, కార్నెల్ గంటర్, బేస్ గాయకుడు విల్ జోన్స్ అందులో ఉన్నారు. కింగ్ కర్టిస్ సాక్సఫోన్ ఐదో పాత్రలా పాట మధ్యలో దూరి నవ్వుతుంది.

'యాకెటీ యాక్' రెండు నిమిషాలు కూడా లేదు. పాటంతా ఇంట్లో పెద్దల ఆజ్ఞలే. చెత్త పారేయాలి, వంటిల్లు కడగాలి, గది సర్దాలి, లేకపోతే చేతిఖర్చుకు డబ్బు ఇవ్వరు, బయటికి పంపరు. కుర్రవాడు తన పక్షాన ఒక్క వాదన కూడా చేయడు. అతనికి దక్కినది పాట పేరులోని ఆ రెండు మాటలే, అంటే పెద్దల వాగుడును అనుకరించే ఒక గొణుగుడు. దానికి వెంటనే బేస్ గొంతు ఎదురు మాట్లాడవద్దని గద్దిస్తుంది. అధికారం ఎలా మాట్లాడుతుందో, దానికి లొంగి ఉన్నవాడు ఎంత తక్కువ మాటలతో దాన్ని వెక్కిరిస్తాడో ఈ నిర్మాణమే చెబుతుంది. ఆజ్ఞలు పొడుగ్గా ఉన్నాయి, ఎదురుమాట పొట్టిగా ఉంది. అయినా శ్రోత నోట మిగిలేది ఆ పొట్టి మాటే.

ఇంకొక విషయం. గార్డ్‌నర్, జోన్స్ ఇద్దరూ 1928లో పుట్టారు. ముప్పై ఏళ్ళ మగవాళ్ళు పదిహేనేళ్ళ కుర్రవాడి పాత్ర ధరిస్తున్నారు. 1958 అమెరికాలో నల్లజాతి పురుషుణ్ణి ఏ వయసులోనైనా 'కుర్రాడా' అని పిలిచే అలవాటు తెల్లవారిలో ఉండేది. ఎదురు మాట్లాడితే ఏమవుతుందో ఆ గాయకులకు తెలుసు. తెల్లవారి ఇళ్ళలోని పిల్లలు ఈ పాటను తమ తల్లిదండ్రుల మీద జోకుగా విన్నారు. పాడినవారి చరిత్ర తెలిసినవారికి అదే పాటలో మరో యజమాని గొంతు కూడా వినిపిస్తుంది. ఒకే పాట ఇద్దరు శ్రోతలకు రెండు విధాలుగా వినిపించడం గొప్ప హాస్యానికి ఒక లక్షణం.

1959లో వచ్చిన 'చార్లీ బ్రౌన్'లో నిర్మాణం కొంచెం మారింది. పేరు ప్రసిద్ధ చిత్రకథలోని బాలుని పేరే అయినా పాత్ర వేరు. ఇతడు తరగతిలో అల్లరివాడు. బృందమంతా ఒక్కొక్క నేరాన్నీ ప్రశ్నగా వేస్తూ అతని మీదికి తోస్తుంది. తననే అందరూ ఎందుకు వేధిస్తారని బేస్ గొంతులో అతడు అమాయకంగా అడుగుతాడు. ఆ అమాయకత్వం నటన అని మనకు తెలుసు. నటన అని తెలిసినా మనం అతని పక్షమే వహిస్తాం. నిందితుడికి నవ్వే హక్కు ఇవ్వడం ఈ పాట చేసిన పని. అదే సంవత్సరపు 'అలాంగ్ కేమ్ జోన్స్' టెలివిజన్‌లోని కౌబాయ్ కథలను ఎగతాళి చేస్తుంది. దుర్మార్గుడు, ఆపదలో అమ్మాయి, చివరి క్షణంలో నింపాదిగా వచ్చే వీరుడు, ప్రతివారం అదే కథ. తమకు చోటులేని ఆ కథలను నలుగురు నల్లజాతి గాయకులు ఇంట్లో కూర్చుని చూస్తూ విసుగ్గా వ్యాఖ్యానించడంలోనే ఆ పాట పదును ఉంది.

9.6 నవ్వు ఎవరి మీద?

ఇప్పుడు ఒక కఠినమైన ప్రశ్న వేసుకోవాలి. 19వ శతాబ్దపు అమెరికాలో తెల్లవారు ముఖానికి నల్లరంగు పూసుకొని నల్లవారిని సోమరులుగా, తెలివితక్కువవారుగా చూపి నవ్వించే 'మిన్‌స్ట్రెల్' ప్రదర్శనలు ఉండేవి. తెల్లవారు రాసిన హాస్యాన్ని నల్లవారు పాడిన కోస్టర్స్ పాటలు ఆ ప్రదర్శనలకు కొనసాగింపు కావా?

ఈ అభ్యంతరాన్ని తేలికగా తోసివేయకూడదు. రాసినవారికి నల్లవారి సంగీతం మీద ప్రేమ ఉందని చెప్పడం జవాబు కాదు. ప్రేమతో కూడా మనిషిని చిన్నబుచ్చవచ్చు. అందువల్ల రచయితల మనసును వదిలి పాటను పరీక్షించాలి. అందుకు మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి.

1. పాటలో మాట్లాడుతున్నది ఎవరు?
2. నవ్వు ఎవరి మీద పడుతున్నది: బలవంతుని మీదనా, బలహీనుని మీదనా?
3. అర్థంలేని అక్షరాలు, వింత గొంతులు పాత్రకు బలమిస్తున్నాయా, పాత్రను బొమ్మగా మారుస్తున్నాయా?

'యాకెటీ యాక్', 'చార్లీ బ్రౌన్', 'ఫ్రేమ్డ్' పాటలు ఈ పరీక్షలో నిలుస్తాయి. వాటిలో నవ్వు తల్లిదండ్రులు, పాఠశాల, పోలీసుల మీద పడుతుంది. పాత్రలు తెలివైనవి. మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలో నల్లవాడు నవ్వుకు గురి అవుతాడు. ఇక్కడ అతడు నవ్వును ప్రయోగిస్తాడు.

అన్ని పాటలూ ఈ పరీక్షలో నెగ్గవు. ఫైవ్ కీస్ బృందం 1954లో పాడిన 'లింగ్ టింగ్ టాంగ్' చైనీయుల మీది పాట. అందులోని అక్షరాలు చైనీయ భాష తమ చెవికి ఎలా వినిపిస్తుందో అనుకరించి నవ్వించడానికి వాడినవి. బృందగానం అందంగానే ఉంటుంది. కానీ ఇంతకుముందు మనం మెచ్చుకున్న అర్థంలేని అక్షరమే ఇక్కడ ఇంకొకరి మాతృభాషను కూతగా మార్చింది. 1956లో జేహాక్స్, కాడెట్స్ బృందాలు వేరువేరుగా రికార్డు చేసిన 'స్ట్రాండెడ్ ఇన్ ద జంగిల్' మరింత చిక్కైన ఉదాహరణ. ఆఫ్రికా అడవిలో నరమాంస భక్షకులకు చిక్కిన ప్రియుడు, ఇక్కడ పట్టణంలో ప్రియురాలు, దృశ్యం అటూ ఇటూ మారుతుంది. దృశ్యాలను శబ్దంతోనే మార్చిన నేర్పు మెచ్చదగినది. కానీ అందులోని ఆఫ్రికా హాలీవుడ్ సినిమాలు తయారుచేసిన ఆఫ్రికా. నల్లజాతి గాయకులే పాడినంత మాత్రాన ఆ చిత్రం నిజం కాదు. సినిమాల మీద పరిహాసం అని సమర్థించేవారు ఉండవచ్చు. అయితే 'అలాంగ్ కేమ్ జోన్స్'లో కథను చూసి నవ్వేవారు పాటలోనే ఉన్నారు. ఇక్కడ అటువంటి గొంతు లేదు. కాబట్టి పరిహాసం సినిమాకు తగలకుండా ఆఫ్రికా మనుషులకు తగులుతుంది.

అణచివేతకు గురైనవారు చేసే హాస్యం అంతా న్యాయమైనదే అనే సూత్రం పనికిరాదు. హాస్యగీతమంతా చౌకబారు అనే సూత్రమూ పనికిరాదు. ప్రతి పాటనూ విడిగా పరీక్షించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 3
'స్ట్రాండెడ్ ఇన్ ద జంగిల్', 'అలాంగ్ కేమ్ జోన్స్' పాటలలోని పరిహాసానికి మధ్య తేడా ఏమిటి?

9.7 పాట ఎవరిది, ఫలం ఎవరిది?

పాటలో నవ్వు ఎవరి చేతిలో ఉందో చూశాం. డబ్బు ఎవరి చేతికి వెళ్ళిందో కూడా క్లుప్తంగా చూడాలి. కార్డ్స్ పాడిన 'షబూమ్'ను అదే 1954లో క్రూ కట్స్ అనే తెల్లజాతి బృందం తిరిగి పాడి, అసలు పాటకన్నా పై స్థానానికి తీసుకువెళ్ళింది. ఇటువంటి పునర్గానాలు ఆ రోజుల్లో మామూలు. అయితే కోస్టర్స్ పాటలను ఇలా ఎత్తుకుపోవడం సులభం కాలేదు. ప్రేమగీతంలో స్వరం ఉంటే చాలు. హాస్యగీతంలో ఆ గొంతులు, ఆ విరామాలు, ఆ బేస్ గద్దింపు కావాలి. నావెల్టీ అని చిన్నచూపు చూసిన గుణమే పాటను పాడినవారితో గట్టిగా ముడివేసింది.

హక్కుల విషయంలో మాత్రం ఏ రకం పాటకూ రక్షణ లేదు. 1956లో పదమూడేళ్ళ ఫ్రాంకీ లైమన్ ప్రధాన గాయకుడుగా టీనేజర్స్ బృందం 'వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్' పాడింది. ఆ పాటకు అసలు రచయితలు తామేనని బృంద సభ్యులు హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్ కోర్టుకు వెళ్ళారు. 1992లో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. 1996లో పై కోర్టు, దావా వేయడంలో గడువు మించిందని దాన్ని కొట్టివేసింది. లైమన్ 1968లో 25 ఏళ్ళకే మాదకద్రవ్యాల వల్ల మరణించాడు. కాడిలాక్స్ బృందంలో 'స్పీడూ' పాడి, తరువాత కోస్టర్స్‌లోనూ పాడిన ఎర్ల్ కారల్, న్యూయార్క్‌లోని ఒక పాఠశాలలో భవన సంరక్షకుడుగా చాలాకాలం పనిచేశాడు. 'గెట్ ఎ జాబ్' విని నవ్వుకొనేటప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

1964లో బ్రిటిష్ బృందాల రాకతోనూ, మోటౌన్ పాటల విజయంతోనూ డూవాప్ వెనుకబడింది. 1987లో కోస్టర్స్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. కొత్తదనం వాడిపోగానే పోతాయనుకున్న పాటలు పోలేదు.

9.8 సారాంశం

వాద్యాలు కొనలేని నగర యువకులు గొంతులనే వాద్యాలుగా మలచుకోవడంతో డూవాప్ రూపుదిద్దుకుంది. దానిలోని నావెల్టీ పాటలు శబ్దం, కథ, పరిహాసాలను సాధనాలుగా వాడుకున్నాయి. అర్థంలేని అక్షరాలు లయను నిలబెడతాయి, భావాన్ని మారుస్తాయి, నేరుగా చెప్పలేని బాధను దాటవేస్తూనే తెలియజేస్తాయి. కోస్టర్స్ పాటలు అధికారాన్ని వెక్కిరించే చిన్న నాటికలు. అదే పరికరాలతో ఇతర జాతులను కించపరిచిన పాటలూ ఉన్నాయి. మాట్లాడేది ఎవరు, నవ్వు ఎవరి మీద, శబ్దం ఏం చేస్తున్నది అనే మూడు ప్రశ్నలతో ప్రతి పాటనూ విడిగా విలువ కట్టాలి.

9.9 ముఖ్య పదాలు

ఫాల్సెటో: పురుషుడు తన సహజ స్థాయికి మించి సన్నగా పాడే గొంతు.
బారిటోన్: టెనర్‌కూ బేస్‌కూ మధ్యస్థమైన పురుష స్వరం.
పునర్గానం: ఒకరు రికార్డు చేసిన పాటను మరొకరు తిరిగి రికార్డు చేయడం.
మిన్‌స్ట్రెల్ ప్రదర్శన: నల్లవారిని అవహేళన చేస్తూ ముఖానికి రంగు పూసుకొని చేసిన వినోద ప్రదర్శన.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: మాదిరి సమాధానాలు

1. వాద్యాలు కొనే స్తోమత చాలామందికి లేదు. చర్చిలో బృందగానం అలవాటైంది. వీధి మలుపులు, మెట్ల కింద ప్రతిధ్వని గొంతులకు నిండుదనం ఇచ్చింది.

2. ఒంటరివాని నెమ్మదైన పాటకు ముందు బేస్ గాయకుడు హుషారైన అక్షరాలు చేర్చాడు. సాహిత్యం మారకుండానే దిగులు స్థానంలో స్నేహితుల ఆటపట్టింపు వినిపించింది.

3. 'అలాంగ్ కేమ్ జోన్స్'లో కథను చూసి నవ్వేవారు పాటలోనే ఉండటం వల్ల పరిహాసం టెలివిజన్ కథకు తగులుతుంది. 'స్ట్రాండెడ్ ఇన్ ద జంగిల్'లో అటువంటి గొంతు లేనందున ఆఫ్రికా ప్రజలే నవ్వుకు గురి అవుతారు.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. 'యాకెటీ యాక్' నిర్మాణాన్ని విశ్లేషించి, అందులో అధికారం పట్ల వ్యక్తమైన దృక్పథాన్ని వివరించండి.
2. 'నావెల్టీ పాటలు విమర్శకు తగినవి కావు' అనే అభిప్రాయాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. డూవాప్ బృందంలోని వివిధ గొంతుల పాత్రను తెలపండి.
2. 'గెట్ ఎ జాబ్'లో వంత చేసే పనిని గురించి ఈ యూనిట్ చేసిన వ్యాఖ్యానాన్ని మీరు అంగీకరిస్తారా? కారణాలు రాయండి.
3. మీకు బాగా తెలిసిన ఒక తెలుగు హాస్యగీతాన్ని తీసుకొని 9.6లోని మూడు ప్రశ్నలతో పరీక్షించండి.